బుధవారం బండి

అతన్ని ఊరంతా న్యూట్రల్ బాబాయ్ అంటుంది. అసలు పేరు అతని భార్యకీ బండి కాగితాలకీ తప్ప ఎవరికీ అక్కర్లేదు. కొండ దాటి ఆసుపత్రి ఉన్న పెద్ద ఊరికి వెళ్లే దారిలో, ఎక్కుడు అయిపోయి దిగుడు మొదలవగానే అతని చెయ్యి వ్యాను గేరుని న్యూట్రల్‌లోకి తోసేస్తుంది, ఆ వెంటనే తాళంచెవి తిప్పి ఇంజను ఆపేస్తుంది. అక్కణ్ణుంచి బండి తన బరువుకి తనే జారుకుంటూ పోతుంది. ఇంజను ఆగితే బ్రేకు బిగుసుకుపోతుంది. అందుకని దిగుడు పొడుగునా అతను సీటులో కూర్చున్నట్టే ఉంటాడు గానీ, ఒంటి బరువంతా బ్రేకు మీదే ఉంటుంది. అలా చెయ్యొద్దని మెకానిక్ నెత్తీ నోరూ బాదుకుని చెప్పాడు.

"ఏదో ఒకరోజు బ్రేకు పడదు బాబాయ్. అప్పుడేం చేస్తావ్?"

"నాలుగు చుక్కల పెట్రోలు మిగిలిందని సంతోషిస్తూ పోతానురా," అన్నాడు న్యూట్రల్ బాబాయ్.

అది పరాచికం కాదు. ఆ నాలుగు చుక్కల మీదే ముగ్గురు మనుషులు బతుకుతున్నారు. ముగ్గురికీ కిడ్నీలు చెడిపోయాయి. సోమ, బుధ, శుక్రవారాల్లో ఆసుపత్రికి వెళ్లి, మిషను పక్కన పూటంతా పడుకుని, ఒంట్లోని రక్తాన్ని శుభ్రం చేయించుకుని రావాలి. ఒకప్పుడు బస్సుండేది. డీజిలు గిట్టుబాటు కావడం లేదని బస్సువాళ్లు ముందు ట్రిప్పులు తగ్గించారు, తర్వాత ఆ దారే మర్చిపోయారు. ఆసుపత్రిలో వైద్యం ఉచితమే, కాదనడానికి లేదు. ఆ సంగతి గోడ మీద మనిషెత్తు అక్షరాలతో రాసి ఉంటుంది. అక్కడిదాకా ఎలా చేరాలో మాత్రం ఏ గోడ మీదా రాసి లేదు.

ముగ్గురిలో పెద్దావిడ టీచరమ్మ. లెక్కలు చెప్పి రిటైరయింది. భర్త పోయాడు, పిల్లలు లేరు, రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటుంది. ఊళ్లో సగం మంది ఆవిడ చేత మొట్టికాయలు తిన్నవాళ్లే. రెండోవాడు టైలరు, ఇంకా నలభై నిండలేదు. మూడో ఆయన పిండిమర పెద్దాయన. ఆయన కనుబొమల మీద పిండి ఎప్పుడూ ఉండేదే, ఆసుపత్రి మంచం మీద పడుకున్నా పోయేది కాదు.

పెట్రోలు ఖర్చు ముగ్గురూ పంచుకునేవారు. పైన బాబాయ్‌కి ఏదో ముట్టజెప్పేవారు. ధర పెరిగినప్పుడల్లా ఆ ఏదో కాస్త చిక్కిపోయేది. బాబాయ్ బండి పైనున్న క్యారియరు పీకించాడు, బరువు తగ్గుతుందని. స్టెప్నీ టైరు ఇంట్లో పెట్టేశాడు. ఏసీ సంగతి ఎత్తితే పాపం. గ్యాసు కిట్టు పెట్టించుకోమని బంకువాడు ఉచిత సలహా ఇస్తే, "సిలిండరు పెడితే ఒక సీటు పోతుంది, సీటు పోతే మనిషి పోతాడు, ఎవర్ని పంపించమంటావ్?" అని అడిగాడు. బంకువాడు గాలి కొట్టే వంకతో పక్కకి జారుకున్నాడు.

టీచరమ్మకి నోరు ఊరుకోదు. ఒకరోజు తిరుగు ప్రయాణంలో అంది, "ఏమోయ్, నాకు రక్తం తిరగాలంటే మిషను తిరగాలి. మిషను తిరగాలంటే కరెంటుండాలి. కరెంటు పోతే జనరేటర్లో డీజిలుండాలి. నేను అక్కడికి చేరాలంటే నీ బండిలో పెట్రోలుండాలి. ఇన్నాళ్లూ నాకు ప్రాణం పోసింది దేవుడనుకున్నానోయ్, ఎవడో నూనె బావుల వాడు!"

టైలరు పడీ పడీ నవ్వాడు. పెద్దాయనా నవ్వాడు. ముగ్గురి చేతులకీ సూదులు గుచ్చిన చోట ఒకేలాంటి తెల్లటి పట్టీలున్నాయి.

ఎక్కడో సముద్రాల అవతల ఎవరో ఎవరితోనో తగువు పడతారు. ఎవరిది తప్పో ఇక్కడెవరికీ తెలియదు, తెలుసుకుని చేసేదీ లేదు. బంకు ముందున్న బోర్డు మీద అంకె మాత్రం మారుతుంది. ఆ రోజు నుంచి టైలరు ఇంట్లో పాలు పలచబడతాయి. మారిన అంకె వెనక్కి తగ్గడం బాబాయ్ చూడలేదు. తగ్గుతుందని పేపర్లో చదివాడు, అంతే.

ముందు పిండిమర పెద్దాయన తప్పుకున్నాడు. మర కూడా డీజిలుతోనే నడిచేది కదా, మూసేశాడు. పెద్ద ఊళ్లో ఆసుపత్రికి దగ్గర్లో అల్లుడి ఇల్లుంది. అక్కడి వరండాలో మంచం వేస్తామన్నారు. "అల్లుడి వరండాలో చావడానికా ఇన్నాళ్లు బతికింది?" అని ఆఖరిసారి బండి దిగేటప్పుడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ముగ్గురి ఖర్చు ఇద్దరి మీద పడింది. టైలరు ఉన్న రెండు కుట్టుమిషన్లలో ఒకటి అమ్మేశాడు.

బాబాయ్ భార్య ఇంట్లో స్కూలు సంచులు కుడుతుంది. మెతక మనిషి, గట్టిగా మాట్లాడి ఎరగదు. అలాంటి మనిషి ఒకరోజు మధ్యాహ్నం అతనికి అన్నం పెడుతూ అంది, "ఇక మనవల్ల కాదండీ. టైర్లు చూశారా? బోడిగుండులా ఉన్నాయి. మీ బండి మన ఇంటిని తినేస్తోంది. ఇక రాలేమని చెప్పేయండి."

"చెప్తే టీచరమ్మ ఎలా వెళ్తుంది?"

"నాకు జాలి లేదనుకుంటున్నారా? మీరు చెప్పలేకపోతే నేను వెళ్లి కాళ్లు పట్టుకుని చెప్తాను."

చెప్పాలనే నిశ్చయించుకున్నాడు. సోమవారం పొద్దున్నుంచీ ఆ మాట మనసులో నలుగుతూనే ఉంది. "టీచరమ్మా, నాకు కుదరట్లేదండీ." అంత చిన్న మాట. ఆసుపత్రి వరండాలో కూర్చుని గోడవైపు తిరిగి అనుకున్నాడు. ఎక్కుడు మీద అనుకున్నాడు, దిగుడు మీద అనుకున్నాడు. ఆవిడ ఇంటి ముందు బండి ఆపాక నోరు పెగల్చుకునేలోపు ఆవిడే అందుకుంది.

"చెప్పడం మర్చిపోయానోయ్. డాక్టరు వారానికి రెండుసార్లు చాలన్నాడు. నాకు నయమే అట. బుధవారం రాకు."

"నాక్కూడా అలాగే అన్నాడు బాబాయ్," అన్నాడు వెనక నుంచి టైలరు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

న్యూట్రల్ బాబాయ్ నమ్మాడు. నమ్మడం ఎంత హాయిగా ఉందో చెప్పలేం. ఇంటికొచ్చి భార్యతో చెబితే, ఆమె చేతిలోని సంచి పక్కన పెట్టి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. బుధవారాలు అతను మార్కెట్టుకి కూరగాయల బస్తాలు వేసుకెళ్లాడు. బండి మొట్టమొదటిసారి తన తిండి తను సంపాదించుకుంది. కిడ్నీలు చెడినవాళ్లకి నయం కావడమేమిటన్న ప్రశ్న అతనికి రాకపోలేదు. వచ్చినప్పుడల్లా ఇంకేదో పని చూసుకున్నాడు.

టీచరమ్మ మాత్రం మారిపోతూ వచ్చింది. మొహం ఉబ్బింది. చెప్పులు పట్టక, పోయిన భర్త చెప్పులు వేసుకుని వచ్చేది. బండిలో వెనక్కి ఆనుకోలేక ముందు సీటు పట్టుకుని వంగి కూర్చునేది. ఎక్కుడు మీద ఇంజను ఎంత ఆయాసపడేదో ఆవిడా అంత ఆయాసపడేది. జోకులు తగ్గాయి. దాహం వేస్తే సీసా మూతలో నీళ్లు పోసుకుని, గొంతు తడిసీ తడవకుండా చప్పరించేది.

ఒక శుక్రవారం, మిషన్ల గదిలో పనిచేసే సిస్టరు వరండాలోకి వచ్చి అతన్ని పట్టుకుంది.

"ఏమయ్యా, ఆవిణ్ణి బుధవారాలు ఎందుకు తీసుకురావట్లేదు?"

"డాక్టరుగారే రెండుసార్లు చాలన్నారటగా?"

"ఏ డాక్టరు? ఇక్కడ ఎవరూ అనలేదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆవిడ ఒళ్లు ఆగదు. ఊపిరితిత్తుల్లో నీళ్లు చేరుతున్నాయి. ఇలాగే మానేస్తూ పోతే ఏదో ఒక గురువారం ఆవిడకి తెల్లారదు. తెలిసిందా?"

ఈ సంగతి అప్పటిదాకా తనకి తెలియదని ఎవరైనా అంటే అతనే ఒప్పుకునేవాడు కాదు.

ఆ సాయంత్రం టీచరమ్మని చెయ్యి పట్టి లోపలిదాకా తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆవిడ ముందు నిలబడితే మళ్లీ ఐదో క్లాసు పిల్లాడైపోయినట్టుంది.

"ఎందుకండీ అబద్ధం చెప్పారు?"

"లెక్క రాదటోయ్ నీకు?" అంది ఆవిడ, ఊపిరి కూడదీసుకుంటూ. "మూడూ నడపాలంటే నువ్వు మునుగుతావు. నువ్వు మునిగితే మూడూ పోతాయి. ఒకటి వదిలేస్తే రెండు మిగులుతాయి. టైలరూ నేనూ కూర్చుని వేసుకున్నాం ఈ లెక్క."

"వచ్చే బుధవారం వస్తున్నా. మీరేమీ ఇవ్వక్కర్లేదు," అన్నాడు.

మాట నిలబెట్టుకున్నాడు. స్టెప్నీ అమ్మాడు, బండిలోని పాటల డబ్బా అమ్మాడు. భార్య మొహం ముడుచుకుంది గానీ అడ్డు చెప్పలేదు. టైలరు రాలేదు. "బుధవారం కూడా షాపు మూస్తే మిగతా రెండ్రోజులకీ ఇవ్వలేను బాబాయ్. ఆవిణ్ణి తీసుకెళ్లు," అన్నాడు. టీచరమ్మ ఒక్కతే వెళ్లొచ్చింది. ఆ తర్వాతి బుధవారం కూడా వెళ్లొచ్చింది. కాళ్ల వాపు తీసింది. మళ్లీ తన చెప్పులే వేసుకుంది. దారిలో ఒకడు కొత్త కారులో హారను కొడుతూ దాటిపోతుంటే, "వీడికి పెట్రోలు పుట్టింటి నుంచి వస్తుందా ఏమిటోయ్?" అంది. ఆ ఒక్క మాట విని బాబాయ్ ఇంటిదాకా నవ్వుకుంటూ వచ్చాడు.

ఆ వారమే ధర మళ్లీ పెరిగింది. ఈసారి పెరగడం పెరగడంలా లేదు. బంకు దగ్గర జనం బోర్డుకేసి చూసి తిట్టడానికి కూడా ఓపిక లేక, పోయించుకునేది తగ్గించి పోయించుకుని వెళ్లిపోతున్నారు. బుధవారం బదులు మంగళవారాలు బస్తాలు వేయిస్తున్న కూరగాయలవాడు ఇక తోపుడుబండి మీదే తెచ్చుకుంటానన్నాడు. బాబాయ్ ఇంట్లో అమ్మడానికి ఇక మిగిలింది భార్య కుట్టుమిషనే. ఆమె దాని ముందు కూర్చుని సంచి కుడుతోంది. అతను గుమ్మంలో నిలబడి ఆ మిషను వంక చూశాడు. అతను ఏం చూస్తున్నాడో ఆమెకి తెలిసింది. తల ఎత్తకుండా కుడుతూనే ఉంది, వేగం మాత్రం పెరిగింది.

మంగళవారం సాయంత్రం అతను టీచరమ్మ ఇంటికి వెళ్లాడు. ఆవిడ మంచం మీద దిండ్లు ఎత్తుగా పేర్చుకుని కూర్చుని ఉంది. కుర్చీ చూపించింది. అతను కూర్చోలేదు. నేలచూపులు చూస్తూ అడిగాడు.

"టీచరమ్మా, డాక్టరుగారు... రెండుసార్లు చాలన్నారు కదండీ?"

ఆవిడ అతని వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు. కాస్త కోపం ఉన్నా అతను బతికిపోయేవాడు.

"అన్నాడోయ్," అంది. "నిజంగానే అన్నాడు. నువ్వు వెళ్లు, ఇంటి దగ్గర మీ ఆవిడ నీకోసం చూస్తుంటుంది."

బుధవారం బండి కదల్లేదు. గురువారం తెల్లవారుతూనే అతను లేచి, బండి తియ్యకుండా, నడుచుకుంటూ ఆవిడ ఇంటికి వెళ్లాడు. గేటు తియ్యలేదు, తలుపు కొట్టలేదు. లోపలి నుంచి దగ్గు వినిపించేదాకా బయటే నిలబడ్డాడు. వినిపించాక వెనక్కి తిరిగి ఇంటికొచ్చేశాడు.

ఇప్పుడు ప్రతి గురువారం అతనికి అదే పని.