నేనాడని మ్యాచ్

ఆ రోజుల్లో నాకు దేవుడి కంటే యూనివర్సిటీ రూలంటేనే ఎక్కువ భయం (ఈ మాట మా మేనత్త చెవిన పడకూడదు). డిగ్రీ మొదటి సంవత్సరం నాయుడుపేటలో చదివాక, నాన్నకు ఉద్యోగం మారడంతో నెల్లూరు కాలేజీకి మారాను. మకాం కోవూరులో మేనత్త ఇంట్లో. కాలేజీ మారిన వాళ్ళు ఏడాదిపాటు ఫుట్‌బాల్ ఆడకూడదన్నారు. పాత కాలేజీ వాళ్ళు అభ్యంతరం లేదని కాగితం ఇస్తే ఆడొచ్చట. వాళ్ళేమో, "మా లెఫ్ట్ వింగ్ పిల్లని ఎత్తకపోయి, కాగితం గూడా మమ్మల్నే ఇమ్మంటారా?" అని ఫోన్ పెట్టేశారు. మేనత్త సాయంత్రం ప్రార్థనలో ఇరుగుపొరుగు జ్వరాల తర్వాత, "ఈ బిడ్డకి ఆ కాగితం ఇప్పించు తండ్రీ" అని కలిపేది. పైనున్న ఆ తండ్రి కూడా రూల్స్ చదివినట్టున్నాడు, పలకలేదు.

క్రిస్మస్ దగ్గరపడుతుండగా కాలేజీల మధ్య పోటీలొచ్చాయి. గ్రౌండ్ సముద్రం పక్కనే, సరుగుడు తోపుకి ఇవతల. మా టీములో ఒకమ్మాయికి కామెర్లు, ఇంకో అమ్మాయికి అక్క పెళ్ళి. పదిమందే మిగిలారు. ఉన్నవాళ్ళతోనే దిగుదామని మా కెప్టెన్ తేల్చేసింది (కోపమొస్తే బాల్ కంటే ముందు తనే గోల్లోకి పోతుంది కాబట్టి బుల్లెట్ అక్క అనేవాళ్ళం). నేను ఆశకొద్దీ జెర్సీ వేసుకుని పోతే మా పీడీ మేడమ్ కళ్ళెర్రజేశారు. "ఏందిమే అది? పోయి చుడీదార్ ఏసుకో. ఈ మంచులో నువ్వు లోపలికి దూరినావని ఎవురన్నా అన్నారంటే, డిగ్రీ అయ్యేదాకా నిన్ను ఆడనియ్యరు. నా పక్కన గూడా వద్దు. పోయి ఆ అవతలి కాలేజీ మేడమ్ పక్కన కూర్చో. రేపు ఆమే సాక్ష్యం."

ఆ మేడమ్ మంచి మనిషి. ఒళ్ళో ఉడకబెట్టిన శనక్కాయల పొట్లం విప్పి నాకూ పెట్టారు. విజిల్ వినపడింది గానీ మనుషులు కనపడలేదు. సముద్రం మీది నుంచి మంచు పొరలుపొరలుగా వచ్చి గోల్‌పోస్టుల్ని మింగేసింది. ఫోన్లో ఫోటో తీస్తే తెల్లటి పొగ తప్ప ఏమీ పడలేదు. బాల్ తన్నిన చప్పుడు ఒకచోట, అరుపు ఇంకోచోట (మ్యాచ్ ఎందుకు ఆపలేదని అడక్కండి, రిఫరీ గారికి మధ్యాహ్నం ఎవరిదో గృహప్రవేశం భోజనం ఉంది). ఉన్నట్టుండి ఎడమ గీత వెంబడి ఎవరో పరుగెత్తుతున్న అడుగుల చప్పుడు సరిగ్గా మా ముందు నుంచే పోయింది. గాలి మొహాన తగిలింది. మనిషి మాత్రం లేదు. ఆ వెంటనే, "అక్కా, కొట్టు!" అని ఒక కేక. దాని వెనకే మా వాళ్ళ కేరింతలు. గోల్.

మేడమ్ శనక్కాయ వలవడం ఆపి నన్ను చూశారు. "నువ్వా అరిచింది?"

"నోట్లో శనక్కాయలుండాయి మేడమ్."

ఆ గొంతు నాదే. అది నాకు తెలుసు, ఆమెకూ తెలిసింది. మెల్లగా పొట్లం తీసుకుని కొంచెం అవతలికి జరిగారు.

మ్యాచ్ అయిపోగానే అవతలి వాళ్ళు గొడవకు దిగారు. "పదకొండు మంది ఆడినారు సార్! ఆ నాయుడుపేట పిల్ల ఆడింది. జడ చూసినాం, గొంతు విన్నాం!" వాళ్ళ డిఫెండర్ అయితే, "దాని ఎడంకాలి మీద తన్నినా గూడా. నా వేళ్ళు ఇంకా సలుపుతా ఉండాయి" అంది. రెండు కాలేజీల మేడమ్‌లూ నన్ను గదిలోకి తీసుకెళ్ళి కాలు పరీక్షించారు. గీత కూడా లేదు. బుల్లెట్ అక్క మాత్రం తెల్లబోయిన మొహంతో, "నాకు పాస్ ఇచ్చింది ఇదే. పక్కనుంచి పోతా నవ్వింది గూడా" అని గొణిగితే మా పీడీ మేడమ్ ఆమె నోరు మూశారు. ఇంకెవరైనా ఇంకో మాటంటే నా ఆట అంతటితో సరి. చివరికి శనక్కాయల మేడమే పోటీల కమిటీ పెద్దాయన ముందు నిలబడి, "ఈ పిల్ల నా పక్కనుంచి కదల్లేదు సార్. ఓడిపోతే ఓడిపోయినాం, అబద్ధం చెప్పలేను" అన్నారు (నా వైపు చూడకుండానే అన్నారు). పెద్దాయన చాలాసేపు తల గోక్కున్నారు. "ఆడింది ఎవురో తెలిస్తే ఏ కాలేజీ నుంచి మారిందో చూడొచ్చు. ఎవురూ కాని మనిషి మీద కంప్లైంటు ఎట్టా తీసుకునేదమ్మా?" అని గోల్ ఖాయం చేశారు.

మర్నాడు స్నానానికి పోయి చూసుకుంటే, ఎడమ మోకాలి కింద బూటు మొన అంత మేర నల్లగా కమిలి ఉంది. ముట్టుకుంటే ప్రాణం పోయింది. వేణ్ణీళ్ళు చల్లారేదాకా అలాగే నిలబడ్డాను. ఎవరికీ చెప్పలేదు, మళ్ళీ మేడమ్‌ల ముందు కాలు చాపాల్సొస్తుందని. కొన్నాళ్ళు జడ వేసుకునేటప్పుడు అద్దం ముందు "అక్కా, కొట్టు" అని మెల్లగా అని చూసేదాన్ని. ఒకరోజు అద్దంలో పెదాలు కొంచెం ఆలస్యంగా కదిలినట్టనిపించి, ఆ తర్వాత గోడవైపు తిరిగి జడ వేసుకోవడం నేర్చుకున్నాను.

మరుసటి ఏడు అన్ని రూల్స్ ప్రకారం, అదే గ్రౌండ్‌లో, మాంచి ఎండలో దిగాను. మేనత్త బస్సెక్కి మరీ చూడ్డానికొచ్చింది. వచ్చిన బాల్ వచ్చినట్టే కాళ్ళ మధ్య నుంచి పోయింది. ఒకసారి నా కాలు నాకే అడ్డం పడి బోర్లా పడ్డాను. సగం ఆటకే బయటికి పిలిచేసి, నీళ్ళ సీసా చేతికిస్తూ పీడీ మేడమ్ నవ్వకుండా అన్నారు: "నువ్వు పోయినేడే బాగా ఆడినావు గదమే."

అప్పుడు ఏడుపొచ్చింది. ఇప్పుడు చిల్లకూరు దగ్గర బడిలో పిల్లలకు లెక్కలు చెప్పుకుంటూ, గ్రౌండ్‌లో వాళ్ళ అరుపులు కిటికీలోంచి వినపడితే సుద్దముక్క పట్టుకుని ఒక్కక్షణం ఆగిపోతాను. భయం ఎప్పుడో పోయింది. ఆ పిల్ల మీద కాస్త అసూయ, కాస్త ముద్దు మిగిలాయి. ఎంతైనా నాకంటే బాగా ఆడింది.