సముద్రం మీద ఉన్నవారి కోసం

మా తాత ఇంగ్లీషువాడు. ఆ మాట అనగానే అందరూ బంగళా, బంట్రోతులు, గుర్రబ్బండి ఊహించుకుంటారు. ఆయన ఆవిరి ఓడల్లో, ఇంజను గదిలో మసి పూసుకుని పనిచేసిన మెకానిక్కు. వాళ్ల దేశంలో వాళ్లది రెండు గదుల ఇల్లు, పిల్లలు ఏడుగురు. శనివారం ఒక తొట్టి నిండా వేణ్నీళ్లు పోసి, పెద్దవాడి నుంచి చంటివాడి దాకా అవే నీళ్లలో స్నానం. సోమవారం బట్టలుతికే రోజు, పొయ్యి దగ్గర నిలబడే తీరిక ఉండదు. అందుకని ఆదివారం మిగిలిన మాంసాన్ని చల్లగానే తినాలి. ఇవన్నీ కాకినాడలో మా అమ్మమ్మను పెళ్లాడాక ఆయన చెప్పిన సంగతులు. రెండేళ్లకు సింగపూరులో మంచి పని దొరికిందని ఓడెక్కాడు. "ఇల్లు చూసి పిలిపిస్తా" అన్నాడట. అప్పటికి మా అమ్మ కడుపులో ఉంది. ఆ తర్వాత కబురు లేదు.

అమ్మమ్మ ఆయన ఇంటి పద్ధతులు వదల్లేదు. తుపాను పట్టినా సోమవారమే ఉతికేది. వసారాలో తడి బట్టలు మనుషుల్లా వేలాడుతుంటే, వాటి మధ్య కూర్చుని చల్లారిన మాంసం తినేవాళ్లం. సాయంత్రం ప్రార్థనలో ముందు చనిపోయినవారి పేర్లు, తర్వాత బతికున్నవారి పేర్లు, చివరగా సముద్రం మీద ఉన్నవారి కోసం. అక్కడ ఒకే పేరు.

"మీ దొర ఇంకా ఓడ దిగలేదా అమ్మా?" అని వీధిలోవాళ్లు నవ్వేవారు. ఆయన చచ్చిపోయాడనుకోవడం కన్నా వదిలేశాడనుకోవడమే ఆమెకు నయమని నాకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు. వదిలేసినవాడు తిరిగి రావచ్చు.

అమ్మమ్మ పోయాక ప్రార్థనలో ఆ పేరు చెప్పే వంతు మా అమ్మకు వచ్చింది. తేదీలు సరిగ్గా లేకపోతే నాకు తోచదు. మా వాళ్లందరి పుట్టుక, చావు నాకు కంఠతా వచ్చు. ఆయనదొక్కటే సగం.

"అమ్మా, ఈ ఏటితో ఆయనకి నూరు నిండాయి. ఇంకా ఓడ మీదే ఉన్నాడా?" అన్నాను ఒకసారి.

"నూట పది నిండనీ. తేదీ తెచ్చివ్వు, ఆపేస్తా."

తేదీ తేకముందే అమ్మ పోయింది. పేరు నా దగ్గరకు వచ్చింది.

కంప్యూటర్ ఉద్యోగాలు మన పిల్లల్ని సింగపూరు లాక్కొచ్చిన రోజుల్లో మా అమ్మాయి అక్కడ బిషాన్ అనే పేటలో ఫ్లాట్ తీసుకుని నన్ను పిలిపించింది. అప్పటికి తాతకు నూట పద్దెనిమిది. ఆ చోటంతా ఒకప్పుడు శ్మశానమని పక్కింటి చైనా ఆవిడ లిఫ్టులో, ఉల్లిపాయల ధర చెప్పినంత మామూలుగా చెప్పింది. ఎదుటి బ్లాకులో ప్రతి అంతస్తు నుంచీ వెదురు గడల మీద బట్టలు బయటికి చాచి ఆరేసేవారు. వాటిలో పనివాళ్ల నీలం చొక్కా ఒక్కటి గాలికి చేతులు ఎత్తినా తాతేమోనని కిటికీ దగ్గరికి వెళ్లేదాన్ని. ప్రార్థనలో ఆయన పేరు పలికినప్పుడు వెనక ఎవరో ఊపిరి బిగబట్టినట్టు అనిపించేది.

"సముద్రం మీద హూ, అమ్మమ్మా?" అని మనవరాలు సింగపూరు ఇంగ్లీషు కలిపి అడిగింది.

"మా తాత."

"స్టిల్ నాట్ రీచ్డ్ ఆ? సో స్లో లా!"

మా అమ్మాయి దాన్ని కసిరింది గానీ తానూ నవ్వింది.

ఆ రోజుల్లోనే, సింగపూరులోనే ఒక పాత క్రైస్తవ శ్మశానాన్ని తవ్వి ఖాళీ చేస్తారని, అక్కడ తమవాళ్ల సమాధులున్నవారు వచ్చి అస్థికలు అడగాలని తెలిసింది. సెలవు దొరికినప్పుడల్లా అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లాను. వరసలో ఏ రాయీ వదలకుండా చదివాను.

"అమ్మా, ఆయన ఇక్కడ ఇంకో పెళ్లి చేసుకుని ఉంటే? రాయి మీద వేరే భార్య పేరుంటే ఏం చేస్తావ్?"

"తేదీ చూసుకుని వస్తాను."

"అంతేనా?"

అంతే కాదు. అలాగైతే అమ్మమ్మ వానలో ఉతికిన సోమవారాలన్నీ ఒక మోసగాడికి చేసిన ఊడిగం అవుతాయి. తర్వాతి రాయి దగ్గరికి నడిచాను.

రాయి దొరికింది. నాచు గోకి చూశాం. ఆయన పేరు, పుట్టిన ఊరు, జ్వరంతో పోయాడని, తోటి పనివాళ్లు వేయించారని ఉంది. తేదీ చదివాను. నమ్మకం చాలక అంకెలను వేలితో తడిమాను. కాకినాడలో ఓడెక్కిన నెల తిరిగేలోపే పోయాడు. అప్పటికి మా అమ్మ పుట్టనే లేదు.

"వదిలెయ్యలేదమ్మా," అంది అమ్మాయి నా భుజం పట్టుకుని.

నాకు సంతోషం కలగలేదు. మా బల్ల చుట్టూ కూర్చుని మేం పిల్లలం రోజూ చనిపోయినవాడికి క్షేమం కోరాం. ఆ పిలుపులకే ఆయన ఎటూ పోలేక మా ఇంట్లో తిరిగాడేమో, ఎవరు చెప్పగలరు?

ఆయన మావాడేనని అక్కడివారికి చెప్పి, అస్థికలకు చోటు అడిగి ఇంటికొచ్చాం. రాగానే కాకినాడలో మా చెల్లెలికి ఫోన్ చేశాను.

"రేపు అమ్మమ్మ సమాధి దగ్గరికెళ్లి ఈ తేదీ చదువు. గట్టిగా."

"ఏంటక్కా, ఎవరన్నా చూస్తే నాకు పిచ్చెక్కిందంటారు."

"అననీ. ఆవిడకింకా కబురు అందలేదు."

మర్నాడు తనే ఫోన్ చేసింది. "చదివానక్కా. మొదట ఎవరన్నా వింటారేమోనని మెల్లగా చదివా. మళ్లీ గట్టిగా చదివా."

"ఏమైంది?"

"ఏమవుద్ది? ఆకు కూడా కదల్లేదు." మళ్లీ తనే, "లేచి రాబుద్ధి కాలేదు గానీ," అంది.

ఆ సాయంత్రం ప్రార్థనలో చనిపోయినవారి పేర్లలో, అమ్మమ్మ పేరు పక్కన, ఆయన పేరు చెప్పాను. చివరగా సముద్రం మీద ఉన్నవారి దగ్గరికి వచ్చేసరికి చెప్పడానికి పేరు లేదు. అలవాటుగా నోరు తెరిచాను. అమ్మాయి కళ్లు మూసుకునే ఎదురుచూస్తోంది. ఆమెన్ అనడానికి నాకు చాలాసేపు పట్టింది.