నాన్న వాటా నిద్ర

పొద్దున్న ఆరయ్యేసరికి ఆ ఇంట్లో పరుపు చేతులు మారేది.

ఆ ఇంటి ఇల్లాలి భర్త బేకరీలో భట్టీ దగ్గర రాత్రి పని చేసేవాడు. తెల్లవార్లూ రొట్టెలు కాల్చి, కనుబొమ్మల మీద పిండిపొడితో ఆరింటికి ఇల్లు చేరేవాడు. వీధి చప్పుడు వినబడనిది వెనకగది ఒక్కటే. అందులో పట్టేది ఒక్క పరుపే. రాత్రంతా దాని మీద కూతురు పడుకునేది. ఆరింటికి ఆమె కూతుర్ని లేపి, దుప్పటి దులిపి, దిండు తిరగేసి మొగుడికి పక్క సిద్ధం చేసేది.

"ఏమే పిచ్చుకా, నాకేమైనా నిద్ర మిగిల్చావా?" అనేవాడు అతను గుమ్మంలోంచే.

"సగం తినేశాను నాన్నా. మిగతాది నీ వాటా. చల్లారకముందే పడుకో!"

అతను పోయి అయిదు నెలలు. భట్టీ ముందు గుండె పట్టుకుని కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు.

అయినా ఆమె ఆరింటికి కూతుర్ని లేపుతూనే ఉంది. బడి తొమ్మిదిన్నరకి. దుప్పటి దులుపుతుంది, దిండు తిరగేస్తుంది, కిటికీకున్న ఆకుపచ్చ తెర దగ్గరికి లాగుతుంది. చెరువు అడుగులాంటి ఆ పచ్చని మసకలో పక్క సాయంత్రం దాకా మడత నలగకుండా ఎదురుచూస్తుంది. ఎవరికోసమని ఆమె తనను తాను అడగలేదు. మనిషి మరిచినా చెయ్యి మరవదు. ఒక్కోసారి ఆ గుమ్మంలో నిలబడితే కాల్చిన రొట్టె వాసన వచ్చినట్టే ఉండేది. అది తేలిపోయేదాకా కదిలేది కాదు.

కూతురికి పదిహేను నిండాయి. లేపితే లేచి గోడకి చేరగిలబడేది, చేతిలో దువ్వెన చేతిలోనే. వాగుడుకాయ అనిపించుకున్న పిల్ల ఇప్పుడు "ఊ", "ఊహూ" దాటి మాట్లాడటం లేదు.

"పిచ్చుక అన్నాడు మావాడు. గుడ్లగూబయి కూచుంది!" అంది అత్తగారు ముందుగదిలో మంచం మీంచి. "రాత్రంతా ఆ ఫోనులో ఏం తవ్వుతోందో అడగవే."

ఆమె ఫోను తీసి బట్టలపెట్టె అడుగున దాచింది. ఫోను నిద్రపోయింది గాని పిల్ల నిద్రపోలేదు.

ఒకరోజు బడినుంచి కబురొచ్చింది. మెట్లు దిగుతూనే కునుకు పట్టి పడిందట. మోచెయ్యి దోక్కుపోయింది, అదృష్టం బాగుండి అంతటితో పోయింది. ఆమె పిల్లని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

డాక్టరమ్మ దెబ్బకి మందు రాసి, పిల్లనే అడిగింది. "ఎన్నింటికి నిద్ర పడుతుంది?"

"మూడు. ఒక్కోసారి నాలుగు."

"పగలెలా ఉంటుంది?"

"నీళ్లలోంచి చూస్తున్నట్టు ఉంటుంది. ఎవరు మాట్లాడినా దూరంగా వినిపిస్తుంది. ఏదీ చెయ్యాలనిపించదు."

ఆమె కూతురి వైపు తిరిగి చూసింది. మొగుణ్ణి ఎలాగూ పోగొట్టుకుంది. ఎదురుగా కూర్చున్న ఈ పిల్ల కూడా కళ్లముందే మెల్లగా దూరమైపోతోంది, తను చూడనేలేదు.

"మరి లేచేది?" అంది డాక్టరమ్మ.

"ఆరింటికి. అమ్మ లేపుతుంది."

"బడి తొమ్మిదిన్నరకి కదమ్మా. అంత పెందలాడే ఎందుకు లేపుతున్నారు?"

"వాళ్ల నాన్న వచ్చే వేళ కదండీ," అంది ఆమె, తడుముకోకుండా.

అన్నాక గాని ఏమన్నదో తనకే వినబడలేదు. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కూతురు తలెత్తింది. "నాకూ అంతేనమ్మా. నిద్ర పట్టబోతుందా, అయ్యో నాన్నకి ఉంచాలి కదా అనిపిస్తుంది. ఇక పట్టదు." అయిదు నెలల్లో ఆ పిల్ల ఏడవడం అదే మొదటిసారి.

డాక్టరమ్మ కాసేపు ఏడవనిచ్చింది. "ఈ వయసులో నిద్ర ఎలాగూ ఆలస్యంగానే వస్తుందమ్మా. దిగులు దాన్ని ఇంకా వెనక్కి నెడుతుంది. వారం వారం తీసుకురండి, మాట్లాడుకుందాం. ఆరింటికి మాత్రం లేపకండి."

మర్నాడు ఆరింటికి ఆమె వెనకగది గుమ్మంలో నిలబడింది. కూతురు గోడవైపు ఒదిగి పడుకుంది, పరుపులో సగం ఖాళీగా వదిలేసి. ఇన్నాళ్లూ ఇలాగే పడుకుంటోందా? వంగి దుప్పటి కొస పట్టుకుంది. పట్టుకుని, వదిలేసింది.

"ఆరయిందే. లేపవేం?" అంది అత్తగారు.

"ఇవాళ్టినించి లేపను అత్తయ్యా. వాళ్ల నాన్న వాటా కూడా అదే పడుకోనీ."

ముసలావిడ మంచం మీద ఇటు తిరిగింది. తరవాత, "అయితే ఆ గిన్నెల చప్పుడు చెయ్యకు. చెవులు బద్దలయ్యేలా తోముతావు," అంది, గొంతు బాగా తగ్గించి.

ఏడున్నరకి చూస్తే కూతురు నిద్రలోనే పొర్లి పరుపు మధ్యకి వచ్చేసింది. చేతులు బార్లా చాపుకుంది.

ఎనిమిదిన్నరకి తనంతట తనే లేచి, జడ వేయించుకుని, "అమ్మా, నా ఫోను ఏ పెట్టెలో దాచావు?" అని కూడా అడిగి బడికి వెళ్లింది.

ఆమె వెనకగదిలోకి వెళ్లింది. దుప్పటి నలిగి కుప్పగా ఉంది. దిండు మీద పిల్ల తల పెట్టుకున్న గుంట అలాగే ఉంది. చెయ్యి వేసి చూసింది. ఇంకా వెచ్చగానే ఉంది.

దులపలేదు. దిండు తిరగెయ్యలేదు. తెర మాత్రం పక్కకి తీసి బయటికొచ్చింది.