రెండేండ్లు ఎక్కువ రాసిన చేయి

మా పంతులమ్మ పోయిందని చెల్లె మిర్యాలగూడ నుంచి ఫోన్ చేసి చెప్పింది. కోదాడలో మా ఇంట్లో నేను అప్పుడే పొద్దున ప్రార్థన ముగించి లేస్తున్నాను.

"అక్కా, ఏడుస్తున్నవా?"

లేదన్నాను.

"నాకూ ఏడుపొస్తలేదు. కోపమొస్తంది," అంది.

ఇద్దరం వేర్వేరు బస్సుల్లో సూర్యాపేట చేరాం.

చివ్వెంల దగ్గర మా ఊరి బడికి ఆమె ఒక్కతే టీచరు. తల దువ్వుకోకుండా వచ్చిన పిల్లను తిట్టేది కాదు. తన దువ్వెన తీసి తనే దువ్వేది. దువ్వుతూ మెడ మీద, వీపు మీద దెబ్బలున్నాయేమో చూసేదని నాకు చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు. ఇప్పుడు బడిలో పిల్లల రక్షణకు కమిటీ ఉంది, గోడ మీద ఫోన్ నంబరు ఉంది. ఆ నంబరుకు అడ్డంగా బీరువా కూడా ఉంది. అప్పుడు ఒక్క దువ్వెనే ఉండేది.

నేను చివ్వెంల హైస్కూల్లో పదో తరగతి చదివే ఏడు అమ్మ నాట్లకు పోతే, చెల్లెను చంకనేసుకుని ఇంట్లోనే ఉండిపోయాను. పంతులమ్మ మా వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"బడికెందుకు పోతలేవ్?"

"చెల్లెను ఎవరు సూస్తరు టీచర్?"

"నా బడిల కూసోబెట్టు. దీనికెన్నేండ్లు?"

"మూడు నిండినయ్."

"అయిదు రాస్త తియ్. ఏమైతది?"

రాసింది. జూన్ నెలలో ఏదో ఒక తేదీ. మా ఊరి పిల్లల్లో సగం మంది కాగితం మీద జూన్‌లోనే పుట్టారు. నేను పదో తరగతి పాసయ్యాను. చెల్లె వయసులో కలిపిన ఆ రెండేండ్లే నన్ను పాస్ చేశాయి.

చెల్లెకు పదహారేండ్లప్పుడు మా నాయిన సంబంధం ఖాయం చేశాడు. అప్పటికి నేను పెళ్లయి కోదాడలో ఉన్నాను. చెల్లె కబురు పంపింది: "అక్కా, నేను సదువుకుంట. ఎట్లనన్న ఆపు." పంతులమ్మను వెంటబెట్టుకుని ఠాణాకు పోయాను. పద్దెనిమిది నిండకుండా ఆడపిల్లకు పెళ్లి చేయకూడదన్న చట్టం అప్పుడూ ఉంది. ఎస్సై బడి సర్టిఫికెట్ చూశాడు.

"నిండినయి గదమ్మా, ఇంకేంది?"

"నేనే తప్పు రాసిన సార్. రెండేండ్లు ఎక్కువేసిన," అంది పంతులమ్మ.

ఎస్సై నవ్వాడు. "అప్పుడు రాసింది అబద్ధమా, ఇప్పుడు చెప్తున్నది అబద్ధమా? ముందు అది తేల్చుకొని రాండ్రి."

నాయిన వెంట వచ్చిన ఊరిపెద్ద అందుకున్నాడు. "మా పిల్లలకు ఎక్కాలు నేర్పుతవ్, నీకే లెక్క రాదా పంతులమ్మా?"

అందరూ నవ్వారు. పెళ్లి అయిపోయింది. పదిహేడు నిండకముందే కాన్పుకు దవాఖానలో చేరింది. చెల్లె ప్రాణం దక్కింది, బిడ్డ దక్కలేదు. ఇంతకంటే రాయలేను.

ఆ తర్వాత నోటిమాట మీద పంతులమ్మ ఎవరి వయసూ రాయలేదు. ఇంటికి పోయేది. కాన్పు చేసిన మంత్రసానిని పిలిపించేది. "అప్పుడు నాట్లా, కోతలా? సాగర్ నీళ్లొచ్చినయా, ఇంకా రాలేదా?" అని గుచ్చి గుచ్చి అడిగి తేదీ పట్టేది. ఒక్క నెల తక్కువైనా మళ్లొచ్చే ఏడు తీసుకురమ్మనేది. జనం విసుక్కుంటే, "వయసు పిల్లది. ఎక్కువ తక్కువలు చేయనీకె నేనెవర్ని?" అనేది.

అంతకుముందు తను ఎక్కువ వయసు రాసిన పిల్లల పేర్లన్నీ ఒక నోట్‌బుక్‌లోకి ఎక్కించింది. సరిచేయమని ఆఫీసుల చుట్టూ తిరిగింది. కొన్ని అయ్యాయి. చాలా కాలేదు.

చట్టాలు మారాయి. పెళ్లి జరగకముందే ఆపే అధికారి వచ్చాడు. పిల్లల ఒంటి మీద చేయి వేసినవాడికి వేరే చట్టం వచ్చింది. పిల్లల వయసు తేల్చాల్సి వస్తే ముందు బడి కాగితాన్నే నమ్మాలని మరో చట్టంలో రాశారు. అది చదివిన రోజు పంతులమ్మ అన్నం ముట్టలేదు. "నా చేతిరాత గంత నిజమైపాయె బిడ్డా," అంది నాతో.

రిటైరయ్యాక కూడా ఆ నోట్‌బుక్ పట్టుకుని పెళ్లిళ్లకు పోయేది. భోజనానికి కాదు. మిర్యాలగూడ దగ్గర ఒక పందిట్లో అధికారి ముందు నిలబడి, "తప్పు రాసింది నేను. నా మీద కేసు పెట్టుండ్రి, పెండ్లి ఆపుండ్రి," అంది. అధికారి అంగన్‌వాడీ టీకాల పుస్తకం తెప్పించి చూసి, ఆపాడు. పందిట్లోవాళ్లు ఆమెను నోటికొచ్చినట్టు తిట్టారు. ఆ పిల్ల ఇప్పుడు నర్సు.

దహనం దగ్గర అందరికంటే ముందు మా ఊరిపెద్దే నిలబడ్డాడు. ముసలివాడయ్యాడు. "ఆడపిల్లల పాలిటి దేవత," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. దేవతైతే ఆ రోజు ఠాణాలో ఎందుకు నవ్వావని అడగలేదు. అడగాల్సింది. ఆ నవ్వు మీద నాకు కోపం. నా పదో తరగతి సర్టిఫికెట్ మీద కోపం. పంతులమ్మ మీద కూడా పోలేదు. అయినా నా ప్రార్థనలో ఆమె పేరు ఒక్కరోజూ తప్పలేదు.

ఆమె కళ్లద్దాలతో పాటు ఆ నోట్‌బుక్‌నూ చితి మీద పెట్టారు. నిప్పంటించాక చెల్లె గబుక్కున ముందుకుపోయి దాన్ని తీసుకుంది.

"ఏందమ్మా గది? ఆమెతోనే పోనీయ్," అన్నాడు ఊరిపెద్ద.

"ఇది కాలొద్దు పెద్దయ్యా," అంది.

మొదటి పేజీలో మొదటి పేరు చెల్లెదే. పక్కన ఆమె నిజంగా పుట్టిన తేదీ. దాని కింద, ఏటా జూన్‌లో బడి తెరిచే రోజున రాసిన ఒకే మాట. సరికాలేదు. సరికాలేదు. సరికాలేదు. అన్నిటికంటే కిందిది ఈ ఏడాదిది, అక్షరాలు వంకర పోయాయి. చెల్లె ఆ పొగలోనే నిలబడి, దాని మీద పడిన బూడిదను కొంగుతో తుడుస్తూ ఉంది.