నేను వెళ్లని ఇల్లు

ఏడేళ్లుగా నాది కాని ఒక మంచి పనిని నాదని చెప్పుకుంటూ తిరుగుతున్నాను. వస్తువు దొంగిలించిన వాళ్లకు కనీసం దొరికిపోతామన్న భయమైనా ఉంటుంది. నాకు అదీ లేదు. అసలు సంగతి పూర్తిగా తెలిసిన సాక్షి ఒక్కతే. ఆమె ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, ఇక ముందూ చెప్పదు. ఆ సంగతి తెలిసి బతకడమే నాకు బరువైపోయింది.

నా పేరు రాయడం లేదు. పిరికితనమనే అనుకోండి. నలుగురిలో మాట్లాడలేను. కొత్తవాళ్లు తలుపు తీస్తే నా పేరు కూడా సరిగ్గా చెప్పలేను. తొమ్మిదో తరగతి నుంచి డైరీ రాసుకుంటున్నాను. కెమిస్ట్రీ నోట్సు మధ్యలో నవలలు పెట్టుకుని చదివేదాన్ని. ఇదంతా జాలి కోసం చెప్పడం లేదు. నేను చేసిన తప్పు నాలాంటివాళ్లే చేయగలరు. మాట రాకపోయినా రాత వచ్చినవాళ్లు.

మాది దిల్‌సుఖ్‌నగర్. నాన్న ఉద్యోగం వల్ల గుడివాడ నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. ఇంటర్ తర్వాత డాక్టర్ సీటు కోసం రెండేళ్లు కోచింగ్‌లో కూర్చున్నాను. రెండుసార్లూ రాలేదు. ఆ క్లాసులో నా పక్కన కూర్చున్న అమ్మాయే రేణుక. వాళ్లది చంపాపేట్. నల్గొండ పక్క ఊరి నుంచి వచ్చిన కుటుంబం. తండ్రికి చిన్న వెల్డింగ్ షాపు. ఆమెకూ సీటు రాలేదు. ర్యాంకులు చూసిన రోజు నేను దుప్పటి కప్పుకుని పడుకున్నాను. ఆమె మా ఇంటికి వచ్చి, దుప్పటి లాగేసి, డాక్టర్ గాకుంటే ఇంకోటైతం లేవే అంది.

ఆ ఇంకోటి ఏమిటో ఆమే కనిపెట్టింది. ఎల్బీ నగర్‌లో ఒక అద్దె ఇంటి పై అంతస్తులో నడిచే ట్రస్టు అది. నర్సింగో, ఫిజియోథెరపీయో చదవాలనుకునే పిల్లల్ని ఏడాది పాటు కాలనీల్లోకి పంపేవారు. ఆసుపత్రికి కాదు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేశాక మంచం మీద మిగిలిపోయిన మనుషుల దగ్గరికి, అంగన్‌వాడీలకి, ఒంటరి ముసలివాళ్ల దగ్గరికి. ఏడాది చివర ప్రతి ఒక్కరూ తాము చూసుకున్న ఒక మనిషి గురించో, చేసిన ఒక పని గురించో నాలుగు పేజీల అనుభవం రాయాలి. అది చదివి, ఇంటర్వ్యూ చేసి, ఒక్కరిని ఎంపిక చేసి ఫిజియోథెరపీ కాలేజీలో పూర్తిగా వాళ్లే చదివిస్తారు.

ఒక్కరినే. మేమిద్దరం ఆ సీటు కోసమే చేరాం. నాకు రాకపోతే మా ఇంట్లో ఎలాగోలా చదివించేవారు. రేణుక వాళ్లింట్లో ఆ ఎలాగోలా అన్నది లేదు. ఈ విషయం నాకు అప్పుడే తెలుసు. తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు ఏ దారీ లేదు.

నాకు ఎల్బీ నగర్‌లో ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్ గారిని అప్పగించారు. చూపు తగ్గింది కాబట్టి ఆయనకు పేపర్ చదివి వినిపించాలి. నేను చదువుతుంటే ఆయన నా ఒత్తులు సరిదిద్దేవారు. రెండో పేజీకి వచ్చేసరికి నిద్రపోయేవారు. ఆయన నిద్రపోతే నాకు హాయిగా ఉండేది. సంచిలోంచి నా నవల తీసుకుని చదువుకునేదాన్ని. గంట కాగానే కాగితం మీద సంతకం పెట్టించుకుని వచ్చేసేదాన్ని. ఏడాదంతా నా సేవ అదే. ఆయనకు రాత్రిళ్లు నిద్ర పడుతుందా అని కూడా నేను ఎప్పుడూ అడగలేదు.

రేణుకకు ఒక అంగన్‌వాడీ, దాంతోపాటు మన్సూరాబాద్‌లో యాదమ్మ అనే ఆవిడ ఇల్లు వచ్చాయి. పక్షవాతంతో ఆవిడకు ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. కొడుకు లారీ మీద పోతే వారాలకు వారాలు రాడు. కోడలు బట్టల షాపులో పనిచేస్తుంది, ఆదివారం కూడా. యాదమ్మ తిండి దాదాపు మానేసింది, నీళ్లు గుక్కెడుకు మించి తాగడం లేదు, రోజురోజుకూ ఎండిపోతోంది. వయసు అయిపోయిందన్నారు అందరూ. రేణుక నాలుగు ఆదివారాలు ఆమె తలకు నూనె రాసి, జడ వేసి, ఊరి ముచ్చట్లు చెప్పి వచ్చింది. ఐదో ఆదివారం, ఎందుకు తింటలేవని అడగకుండా, పొద్దంతా నిన్ను బాత్రూంకు ఎవరు తీస్కపోతరు అవ్వా అని అడిగింది.

యాదమ్మ గోడ వైపు తిరిగి ఏడ్చింది.

ఎవరూ తీసుకెళ్లరు. కోడలు పొద్దున్నే వెళ్లి చీకటి పడ్డాక వస్తుంది. అలిసిపోయి వచ్చిన పిల్ల చేత పక్క బట్టలు ఉతికించలేక ఆ ముసలావిడ తిండీ నీళ్లూ మానేసింది. అంతే. అది రోగం కాదు, సిగ్గు. రేణుక పక్కింటామెతో మాట్లాడి మధ్యాహ్నం ఒకసారి వచ్చేలా ఒప్పించింది. తండ్రి చేత ఒక ప్లాస్టిక్ కుర్చీ మధ్యలో కాల్చిన ఇనుప కడ్డీతో గుండ్రంగా కోయించి, కింద బకెట్ పెట్టి, మంచం పక్కన వేసింది. కుడిచేతి ఆసరాతో మంచం మీంచి కుర్చీలోకి ఎలా జరగాలో బస్తీ దవాఖానలో నర్సుని అడిగి నేర్చుకుని ఆవిడకు నేర్పింది. పదిహేను రోజుల్లో యాదమ్మ అన్నం అడిగి పెట్టించుకుంది.

ఇదంతా నాకు ఎల్బీ నగర్ మెట్రో మెట్ల కింద, మిర్చి బజ్జీలు తింటూ చెప్పింది రేణుక. నవ్వుతూ, మధ్యలో కళ్లు తుడుచుకుంటూ. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి డైరీలో రాసుకున్నాను. నేను యాదమ్మ పక్కన కూర్చున్నాను, నేను అడిగాను, నా ఎదుటే ఆవిడ గోడ వైపు తిరిగింది అని రాసుకున్నాను. నచ్చినవన్నీ నాకే జరిగినట్టు రాసుకోవడం నాకు ఎప్పటి నుంచో అలవాటు. ఎవరికీ చూపించని పుస్తకంలో అది తప్పని నాకు తోచలేదు. ఇప్పుడు అడుగుతున్నాను, తప్పు అక్కడే మొదలైందా? లేక అది నిజంగా ఆటేనా, తప్పు తర్వాత వచ్చిందా? ఎన్నిసార్లు వెనక్కి వెళ్లి చూసినా ఆ గీత ఎక్కడ దాటానో దొరకదు. దొరకదని చెప్పడం కూడా తప్పించుకోవడమేనేమో. ఎందుకంటే దాటిన చోటు నాకు బాగా గుర్తుంది.

అనుభవం రాసి ఇవ్వడానికి ఇంకా మూడు రోజులున్నాయి. ట్రస్టు మెట్ల మీద కూర్చున్నాం.

"ఏమే రైటర్ మేడమ్, నాకు రాయనీకి రాదని తెల్సుగద. యాదమ్మ ముచ్చట రాద్దామనుకుంటున్న. ఎట్లుంటది?" అంది రేణుక.

ఏం చెప్పాలో మనసులో కూర్చుకున్నాను. అంత సేపు ఆలోచించాను కాబట్టే దాన్ని పొరపాటు అనలేను.

"బాత్రూం సంగతి కదా రేణూ. పెద్దవాళ్లు చదువుతారు. బాగోదేమో."

"గట్లంటవా?"

"అంగన్‌వాడీలో పిల్లల బరువులు చూశావు కదా. అది రాయి. నీట్‌గా ఉంటుంది."

"నువ్వంటే నిజమే అయితది. నాకు గివన్ని సమజ్ కావు."

పిల్లల బరువుల గురించి ఆమె రాసింది. నేనే దిద్దిపెట్టాను. అక్షర దోషం ఒక్కటి కూడా లేకుండా, ప్రాణం ఒక్క చుక్క కూడా లేకుండా దిద్దాను. ఆ రాత్రే డైరీ ముందు పెట్టుకుని యాదమ్మ గురించి నాలుగు పేజీలు రాశాను. అంత బాగా నేను అంతకు ముందు రాయలేదు, ఆ తర్వాతా రాయలేదు. ఇంటర్వ్యూలో కూడా నోరు పెగిలింది. నా గురించి అడిగితే వణికిపోయే నేను, యాదమ్మ గురించి అడిగితే తడుముకోకుండా చెప్పాను. ఇంకొకరి జీవితం చెప్పడానికి నాకు సిగ్గు అడ్డు రాలేదు. ఎవరి ఇంటికి ఎవరు వెళ్తున్నారో రాసిన కాగితాలు ఆఫీసులోనే ఉన్నాయి. ఎవరూ తీసి చూడలేదు. మెత్తగా మాట్లాడే పిల్ల అబద్ధం చెబుతుందని ఎవరికీ అనిపించదు.

సీటు నాకు వచ్చింది.

సర్టిఫికెట్లు ఇచ్చే రోజు ట్రస్టు పెద్దాయన నా నాలుగు పేజీలూ మైకులో చదివారు. ఇలా జరుగుతుందని నేను అనుకోలేదు. కాగితం ఆఫీసులోనే ఉండిపోతుందనుకున్నాను. రేణుక మూడో వరుసలో ఉంది. పక్కన వాళ్ల నాన్న, ఇస్త్రీ చొక్కా వేసుకుని, షాపు మూసి మరీ వచ్చాడు. నా రాతలో ఆయన 'చంపాపేట్‌లో ఒక వెల్డింగ్ షాపు అతను' అయ్యాడు. ఆ వాక్యం చదువుతున్నప్పుడు ఆయన కూతురి వైపు చూశాడు. రేణుక స్టేజీ వైపే చూస్తూ ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది.

బయట నీళ్ల డ్రమ్ము దగ్గర నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే ఈపాటికి నేను మర్చిపోయేదాన్నేమో.

"మస్తు రాసినవే. నాక్కూడ ఏడ్పొచ్చింది," అంది. తర్వాత గ్లాసు డ్రమ్ము మీద బోర్లించింది. "బాత్రూం ముచ్చట బాగుండదంటివి గద."

అప్పుడు నేను అన్న మాట రాయడానికే ఇన్ని పేజీలు తిరగాల్సి వచ్చింది.

"ఎవరు చేస్తే ఏంటి రేణూ. ముసలావిడకి మంచి జరిగింది కదా."

ఆమె నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "అవ్. గదే గావాలె గద," అంది. "సరే, పోతున్న. మా నాయిన ఎదురు చూస్తున్నడు."

వాళ్ల నాన్న గేటు దగ్గర నుంచే నాకు చెయ్యి ఊపి, మంచిగ సదువుకో బిడ్డా అన్నాడు. వెటకారం లేదు. వెతికాను, లేదు.

ఆ తర్వాత రేణుక ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. ఆ ఏడాదే ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపులో బిల్లింగ్ దగ్గర కూర్చుందని క్లాస్‌మేట్ ఎవరో చెప్పారు. ఆ షాపు మా ఇంటికి పది నిమిషాల నడక. ఏడేళ్లలో ఆ పక్క ఫుట్‌పాత్ మీద నేను ఒక్కసారి కూడా నడవలేదు. అమ్మ చీరలు కొందామంటే కొత్తపేటకు లాక్కెళ్తాను. యాదమ్మ గురించి రాసినా రేణుకకు సీటు వచ్చేది కాదేమో, ఇంటర్వ్యూలో ఆమె భాష విని పక్కన పెట్టేవారేమో అని చాలా రాత్రులు నాకు నేను చెప్పుకున్నాను. కావచ్చు. కానీ ఆ సంగతి తేలాల్సింది వాళ్ల ముందు. నేను మెట్ల మీదే తేల్చేశాను.

అన్నింటికన్నా చేదైన సంగతి ఇంకొకటుంది. నేను మంచి ఫిజియోథెరపిస్టునయ్యాను. ఇళ్లకు వెళ్లి చూస్తాను. పెద్దవాళ్లెవరైనా తినడం మానేశారంటే నేను మొదట అడిగేది, పగలు మిమ్మల్ని బాత్రూంకు ఎవరు తీసుకెళ్తారని. నాలుగు ఇళ్లలో మూడింట ఆ ప్రశ్నకే తలుపు తెరుచుకుంటుంది. ఇంత చిన్న వయసులో ఎంత అనుభవం తల్లీ అంటారు. తల వంచుకుంటాను. సిగ్గరి పిల్ల అనుకుంటారు.

ప్రతి ఏడాదీ కొత్త బ్యాచ్‌తో మాట్లాడమని ట్రస్టు మేడమ్ పిలుస్తారు. వెళ్తాను. నా నాలుగు పేజీలు నమూనాగా పంచుతారు. చెప్పిన ప్రతిసారీ ఏదో ఒకటి కలిపాను. ఒక ఏడాది యాదమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఇంకో ఏడాది నన్ను బిడ్డా అని పిలిచింది. నిజం చెప్పాలంటే ఆవిడ నల్లగా ఉంటుందో తెల్లగా ఉంటుందో కూడా నాకు తెలియదు. నేను యాదమ్మను ఎప్పుడూ చూడలేదు.

పోయిన నెల, నేను మాట్లాడడం అయ్యాక, వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి నిలబడింది. నా నాలుగు పేజీలు నలిగిపోయేలా చేతిలో పట్టుకుని ఉంది.

"మేడమ్, యాదమ్మ ఇప్పుడెట్లున్నది?"

ఏడేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు. నేనూ నన్ను అడగలేదు. బాగుంది అన్నాను. ఆ అమ్మాయి నవ్వుతూ కూర్చుంది.

మర్నాడు పని ఎగ్గొట్టి మన్సూరాబాద్ వెళ్లాను. ఆవిడ బతికుందో లేదో తెలుసుకుందామని. షేర్ ఆటో దిగి నిలబడితే అప్పుడు అర్థమైంది. ఏ వీధో నాకు తెలియదు. నాలుగు పేజీల్లో గోడ రంగు రాశాను, మంచం రాశాను, కిటికీలోంచి పడే ఎండ కూడా రాశాను. ఇంటి నంబరు తెలియదు. కిరాణా కొట్టు దగ్గర యాదమ్మ ఇల్లు ఎక్కడని అడిగితే, ఏ యాదమ్మ, మస్తుమంది ఉన్నరు ఈడ అన్నారు. కొడుకు పేరేందని అడిగారు. నాకు తెలియదు.

ఆ ఇంటి దారి నాకు చెప్పగలిగిన మనిషి ఒక్కరే ఉన్నారు. ఆమె నంబరు నా ఫోన్‌లో ఇంకా ఉంది. తీసి చూశాను. ఎండలో చాలాసేపు నిలబడ్డాను. చేయలేదు.

ఇంటికి వచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను. రాస్తున్నకొద్దీ గుండెలో కాస్త తేలికగా ఉంది. ఆ తేలికను చూసి నా మీద నాకే అసహ్యం కూడా వేస్తోంది. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఒక్కటి మాత్రం నిజం. ఇన్నేళ్లకు మొదటిసారి ఇది ఒక మనిషికి చెప్పగలిగాను. మీరు రేణుక కాదు కాబట్టి చెప్పగలిగాను.