రూతు గదిలో కెమెరా

డేవిడ్ రాజు గుడివాడలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబు చూసుకునేవాడు. కాపురం బందరులో, చిలకలపూడి వైపు. పొద్దున్నే ప్యాసింజరెక్కి వెళ్తే మళ్లీ సాయంత్రానికే ఇల్లు చేరడం. భార్య రూతు బడిలో పాటలు నేర్పే టీచరు. మేడమెట్ల మీంచి జారిపడ్డాక ఆమెకు నడుము కింద స్పర్శ పోయింది. పగలంతా కనిపెట్టుకుని ఉండడానికి పక్కవీధి సరళ వచ్చేది.

ఒకరోజు మధ్యాహ్నం రూతుకు జ్వరం ముదిరి మాట తడబడితే, సరళకు కంగారులో ఫోన్ చెయ్యాలని తోచక, అతనికి ఇంటికొచ్చేదాకా తెలియలేదు. ఆ భయం అతన్ని వదల్లేదు. 2007లో ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ రాగానే పాత కంప్యూటరొకటి తెచ్చి, లినక్స్ ఎక్కించి సర్వరుగా మార్చాడు. మంచానికి ఎదురుగా గోడకి చిన్న కెమెరా బిగించాడు. గుడివాడలో పాస్‌వర్డ్ కొడితే గది కనిపించేది. రౌటరు మాత్రం బయటి కనెక్షన్లను లోపలికి రానివ్వక నానా తిప్పలు పెట్టింది. విసుగెత్తి, వచ్చిందల్లా నేరుగా సర్వరుకే పంపేలా మార్చేశాడు. తీరిగ్గా సరిచేద్దామనుకున్నాడు గానీ ఆ తీరిక రాలేదు.

వానాకాలంలో నాగేశ్వరరావు అనే కొత్త లెక్చరర్ ఎన్‌మ్యాప్ అనే ప్రోగ్రాం పిల్లలకు చూపించాలనుకున్నాడు. బయటివాళ్లు ఒక కంప్యూటర్లోకి ఏయే దారుల్లో రాగలరో అది తట్టి చూసి చెబుతుంది. ఆ దారులే పోర్టులు, ఒక్కోదానికీ ఒక్కో నంబరు. ఎవరి మెషీను మీద పడితే వాళ్ల మీద చెయ్యకూడదు కాబట్టి మీ ఇంటి సర్వరు వాడుకోవచ్చా అని అడిగాడు. ముందు మనమొకసారి చూద్దామన్నాడు డేవిడ్ రాజు, కాస్త గర్వంగానే.

అతను తెరిచినవి రెండే పోర్టులు. తెర మీద మూడోది కూడా పడింది. అదేమిటో అర్థంకాక బ్రౌజరులో ఆ నంబరు కొట్టాడు.

పాస్‌వర్డ్ అడగలేదు. గది వచ్చేసింది. సరళ రూతుకు ఒళ్లు తుడుస్తోంది.

నాగేశ్వరరావు మొహం తిప్పేసుకున్నాడు. డేవిడ్ రాజు విండో మూసి, ఇంటికి ఫోన్ చేసి సర్వరు ప్లగ్గు పీకేయమని సరళకు చెప్పాడు. కెమెరా సాఫ్ట్‌వేరు తనంతట తానే ఇంకో పోర్టు తెరిచిందనీ, రౌటరు దాన్ని అడ్డుకోకుండా డేవిడ్ రాజే చేశాడనీ నాగేశ్వరరావు మెల్లగా వివరించాడు. ఎవరైనా చూశారా అంటే మాత్రం చెప్పలేకపోయాడు. ఆ దారిన ఎవరొచ్చి వెళ్లారో ఎక్కడా నమోదు కాలేదు.

తిరుగు రైల్లో ఎదుటి సీటాయన తనవైపు చూస్తే, ఈయన చూసి ఉంటాడా అనిపించింది. పిచ్చి ఆలోచనని తెలిసినా తలెత్తలేకపోయాడు.

ఇంటికెళ్లి ఇద్దరికీ ఉన్నదున్నట్టు చెప్పాడు.

“నేనూ పడ్డానా అన్నయ్యగారూ అందులో?” అంది సరళ.

“పడ్డావమ్మా.”

ఆమె చేతిలోని తువ్వాలు అక్కడే పెట్టి వెళ్లిపోయింది. రూతు గోడ మీది కెమెరా వైపు చూసింది.

“వాళ్లెవరో చూశారో లేదో నాకు తెలీదు. మీరు చూస్తున్నారని మాత్రం రోజూ తెలుసు. ఒళ్లు తుడిచేటప్పుడైనా ఆ కెమెరా లైటు ఆరేది కాదు.”

“నీకేమన్నా అవుతుందేమోనని కదా రూతూ.”

“తెలుసండీ. అందుకే అనలేకపోయాను.”

అతను స్టూలెక్కి కెమెరా ఊడదీశాడు.

సరళ రావడం మానేసింది. అతను సెలవు పెట్టి రూతును చూసుకుంటూ, సరళ ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాడు. తన భర్తకి తెలియనివ్వొద్దని మాత్రం చెప్పి ఆమె తలుపు వేసుకుంది. కొన్నాళ్లకు రూతు కోసం తిరిగొచ్చింది గానీ, గదిలో అడుగుపెట్టగానే నాలుగు గోడలూ వెతికి చూసేది. అది చూసినప్పుడల్లా అతనికి ప్రాణం చచ్చిపోయేది.

ఇప్పుడు మంచం పక్కన కార్డ్‌లెస్ ఫోనుంది. అవసరమైతే రూతే చేస్తుంది. డేవిడ్ రాజు గుడివాడ నుంచి ఇంటిని ఎన్‌మ్యాప్‌తో తట్టి చూస్తూనే ఉంటాడు. పోర్టులన్నీ మూసే ఉన్నాయని వస్తుంది. అయినా కుదురుండదు.

ఒకనాడు రూతు, మంచం వీధి గదిలోకి మార్చమంది. పిల్లలకు పాటలు చెబుతానంది.

“అక్కడ వచ్చేపోయేవాళ్లంతా చూస్తారే,” అన్నాడు.

“చూడనివ్వండి. వాళ్లూ నాకు కనబడతారు కదా.”

ఆదివారం చర్చి నుంచి వచ్చాక సరళ ఒకవైపు, అతనొకవైపు పట్టుకుని మంచం మార్చారు.