ముక్తేశ్వరం రేవులో నల్ల అంబాసిడరూ, మా బుల్లి మారుతీ

మా చిన్నప్పుడు ముక్తేశ్వరం రేవులో గోదావరి దాటించే పంటు మీద ఒక్క కారే పట్టేది... నాకు నలభై ఏళ్ళు దాటాకా అంతే.

చిన్నప్పుడైతే ఊరికంతా ఉన్నదీ ఒక్క కారే. ప్రెసిడెంటు గారింటి నల్ల అంబాసిడర్... దాని తలుపు ముట్టుకున్నానని డ్రైవరు నా చెంప పగలగొట్టాడు. రెండు రోజులు చెవి హోరెత్తింది.

తొంభైల్లో, బడిపంతులుగా ఉండగా, నేనూ ఒక పాత మారుతి కొన్నాను. అంబాసిడర్ పక్కన పెడితే గేదె పక్కన మేకపిల్ల... అది ఇనుము, ఇది రేకు.

ఆ ఏడు శ్రావణంలో ఒక పొద్దున, ఏడో నెల కడుపుతో ఉన్న మా ఆవిడకి రక్తం పోవడం మొదలైంది. ఊళ్ళో డాక్టరు గారు కాకినాడ ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నారు. రేవులో మా బండే ముందుంది. వెనక అదే అంబాసిడర్ హారన్...

"మేష్టారూ, మాకు పెళ్ళి ముహూర్తం దాటిపోద్దండి. మీరు తర్వాత పంటుకి రండి," అన్నారు ప్రెసిడెంటు గారు.

"లోపల నా భార్య ప్రాణం పోయేలా ఉందండీ."

"ఆయ్... అందరూ అలాగే అంటారండి!"

ఆయన మనుషులు ఆరుగురు వచ్చారు. "బుల్లి కారు కదండీ, ఏవనుకోకండే" అంటూనే, ఆవిడ లోపల ఉండగానే, వెనకభాగం ఎత్తి పక్కకి, ముందుభాగం ఎత్తి పక్కకి... కుదుపు కుదుపుకీ ఆవిడ కేక. బండిని బురదలో పడేశారు.

అంబాసిడర్‌ని అలా ఎత్తగలరా? అదీ రెండు కార్లకీ తేడా.

ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ణి... నోటికి బూతులే వచ్చాయి. జాకీ రాడ్డుతో దాని హెడ్‌లైట్ పగలగొట్టాను. ముందు అద్దం పగలగొట్టాను. గాజు పెంకు తగిలి ప్రెసిడెంటు గారి కనుబొమ్మ చీలింది. సంతోషించాను... ఇప్పటికీ సంతోషమే.

ఆ రాడ్డే లాక్కుని ఆయన మనుషులు నా ముంజేయి విరగ్గొట్టారు. ముఖాన్ని బురదలోకి తొక్కి పట్టారు. రెండు పళ్ళు అక్కడే రాలాయి.

"చాలు, వదలండ్రా... చదువుకున్న మనిషి," అన్నారు ఆయన, రుమాలుతో నెత్తురు తుడుచుకుంటూ. అంబాసిడర్ పంటెక్కింది.

పంటు తిరిగొచ్చేసరికి గంట దాటింది. టీకొట్టాయన మా బండి నడిపాడు. ఆవిడ బతికింది. కడుపులో ఆడపిల్ల బతకలేదు. "గంట ముందు తెస్తే దక్కేదండీ," అంది నర్సు.

మొన్న ఆయన కొడుకు ఇక్కడే, మన ఈ పాత ఫోటోల గ్రూపులోనే, ఆ కారు ఫోటో పెట్టాడు. కొత్త రంగు, కొత్త అద్దం... "మా నాన్నగారి రాజసం" అని రాశాడు. మెచ్చుకున్నవాళ్ళలో ఆ ఆరుగురిలో ఇద్దరున్నారు. చదువు బాబూ, ఇదీ ఆ రాజసం.

ఇప్పుడు ఎదుర్లంక దగ్గర వంతెన ఉంది. ఇంటికో కారుంది. ఎవరిది ముందన్న గొడవే లేదు...

మీ ఇళ్ళలో పాత కార్ల ఫోటోలుంటే మీరూ పెట్టండి. మా ఆవిడకీ నాకూ పెట్టడానికి ఏమీ లేదు... ఆ పిల్లకి పేరు కూడా పెట్టలేదు.